మొటిమలు: కనిపించే రోజు, మొదలైన రోజు

మొటిమ కనిపించిన రోజున పుట్టదు. రోమకూపం లోపల దాని పని మొదలై అప్పటికే కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు నెలలు గడిచి ఉంటాయి. మొటిమల గురించి మన ఇళ్లలో చలామణీ అయ్యే తప్పుడు నమ్మకాల్లో సగం, మందుల షాపు దగ్గర జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ వ్యవధిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వచ్చినవే. నిన్న తిన్న మామిడిపండుకి ఇవాళ్టి మొటిమను అంటగడతాం. సరైన మందుని పదిహేను రోజులు రాసి, గుణం కనపడలేదని అటక మీద పడేస్తాం. మూడు రోజుల్లో మొహం నున్నగా చేసిన స్టీరాయిడ్ క్రీముని మాత్రం మహత్తుగల మందని పక్కింటివాళ్లకి కూడా చెబుతాం. ఈ మూడూ వేరువేరు తప్పుల్లా కనిపిస్తాయి గాని, మూడింట్లోనూ తప్పింది రోజుల లెక్కే.

ఇది కొత్త జబ్బు కాదు. సుశ్రుత సంహిత దీన్ని క్షుద్రరోగాల్లో చేర్చి ముఖదూషిక అంది. పడుచువాళ్ల మొహాన బూరుగు ముళ్లలా లేచే పొక్కులని వర్ణించింది. బూరుగు చెట్టు మొదలుని దగ్గరగా చూసినవాళ్లకి ఆ పోలిక ఎంత కచ్చితమో తెలుస్తుంది. ఇప్పటి వైద్యం దీన్ని ఆక్నే వల్గారిస్ అంటుంది. 2010 నాటి ప్రపంచ వ్యాధి భారం అంచనాలో భూమ్మీద జనాభాలో దాదాపు 9.4 శాతం మందికి ఇది ఉందని తేలింది. అన్ని జబ్బుల్లోకీ వ్యాప్తిలో ఎనిమిదో స్థానం. పన్నెండేళ్లకీ ఇరవై నాలుగేళ్లకీ మధ్య వయసులో నూటికి ఎనభై అయిదుగురికి ఏదో ఒక మోతాదులో వస్తుందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఇంతమందికి వచ్చేదాన్ని జబ్బనడమెందుకు, వయసు లక్షణమనుకోవచ్చు కదా అని అడగవచ్చు. వయసు లక్షణమే. అయితే నూనూగు మీసాలు గుంటలు మిగల్చవు, మొటిమలు మిగులుస్తాయి. వైద్యం అవసరపడేది అందుకే.

చర్మంలో ప్రతి వెంట్రుక కుదురునీ ఆనుకొని ఒక నూనె గ్రంథి ఉంటుంది. మొహం, ఛాతీ, వీపు పైభాగంలో ఈ గ్రంథులు పెద్దవి, దట్టం. ఈడు వచ్చేసరికి ఒంట్లో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి. ఆడపిల్లల్లో కూడా కొంత మేర పెరుగుతాయి. వాటి ఆజ్ఞతో గ్రంథి జిడ్డు ఎక్కువ ఊరుస్తుంది. అదే సమయంలో రోమకూపం గోడ నుంచి రాలాల్సిన మృతకణాలు సరిగా రాలక, జిడ్డుతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. ఆ బిరడా మొదట కంటికి ఆనదు. రంధ్రం మూసుకుపోతే తెల్లటి పొక్కు, తెరుచుకొని ఉంటే నల్లటి చుక్క. ఆ నలుపు మురికి కాదు, చర్మపు రంగు పదార్థం గాలి తగిలి నల్లబడటం. ఎంత రుద్దినా అది పోకపోవడానికి కారణమిదే. మూసుకుపోయిన చోట, గాలి సోకని జిడ్డులో, క్యుటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. 2016 దాకా దాని పేరు ప్రొపియోనిబాక్టీరియం. పాత పుస్తకాల్లో ఆ పేరే కనిపిస్తుంది. ఇది బయటినుంచి అంటుకున్న శత్రువు కాదు, మచ్చలేని మొహం మీద కూడా కాపురం ఉండేదే. దాని రకాల్లో కొన్నింటికీ మన రోగనిరోధక వ్యవస్థకీ పొసగనప్పుడు వాపు, ఎరుపు, చీము. కొందరు పరిశోధకులు 2003లో చూపించిందేమిటంటే, బిరడా బిగుసుకోకముందే, కంటికి మామూలుగా కనిపించే చర్మంలోనే వాపు మొదలై ఉంటుందని. ఈ కథంతా నడవడానికే వారాలు పడుతుంది.

హార్మోను పాత్రకి మొదటి గట్టి రుజువు 1941లో అమెరికాలో జేమ్స్ హామిల్టన్ చూపించాడు. ఈడు రాకముందే వృషణాలు కోల్పోయినవాళ్లకి మొటిమలు రావు; వాళ్లకి టెస్టోస్టెరాన్ ఇచ్చినప్పుడు కొందరిలో వచ్చాయి. అందరికీ కాకుండా కొందరికే వచ్చాయన్నది గుర్తుంచుకోవాలి. హార్మోను అందరికీ ఉంటుంది, దానికి గ్రంథి ఎలా స్పందిస్తుందన్నది ఇంటి సొత్తు. 2002లో బ్రిటన్‌లో ఆడ కవలల మీద జరిగిన పెద్ద అధ్యయనం మొటిమల తేడాల్లో 81 శాతాన్ని వంశపారంపర్యానికే జమకట్టింది. తల్లికో తండ్రికో వయసులో మొహం నిండా వచ్చాయంటే, పిల్లలకి వచ్చే అవకాశం ముందే రాసి ఉన్నట్టే. తిండి మీదా శుభ్రత మీదా పిల్లల్ని నిందించే పెద్దవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది.

పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండ లాంటి ఊళ్లో ఈ విషయం కేవలం చర్మానిది కాదు. తెలుగువాళ్లకి పెనుగొండ అంటే వాసవీ కన్యకాపరమేశ్వరి. ఆమె రూపం చూసి మోహించిన విష్ణువర్ధనుడు, ఒప్పుకోక అగ్నిలోకి నడిచిన కన్య, ఆమె వెంట నడిచిన గోత్రీకులు; ఆ కథ వినని ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండదు. ఆడపిల్ల మొహం గురించి మాట్లాడే అధికారం తమకుందని ఊరంతా అనుకోవడం మాత్రం ఆ కథతో ఆగిపోలేదు. సంబంధాల వేళ ఫొటో పంపాలంటే మొటిమలు ఒక సమస్య, పెళ్లిచూపులకి ఇంకో సమస్య. ముహూర్తం దగ్గర పడ్డాక మొదలయ్యే వైద్యం తొందర వైద్యమే అవుతుంది. నెమ్మదిగా నడిచే జబ్బుకీ తొందరగా నడిచే అవసరానికీ మధ్య ఉన్న ఈ సందులోనే తప్పుడు మందులు దూరుతున్నాయి.

గోదావరి డెల్టాలో మొటిమలకి అందరూ చెప్పే కారణం "వేడి చేసింది". మామిడిపళ్లు, ఆవకాయ, కోడిగుడ్డు, నువ్వులు వేడి. మజ్జిగ, సబ్జా గింజలు, కొబ్బరి బొండం, తాటిముంజలు చలవ. ఈ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేస్తే సరిపోదు, ఎందుకంటే జనం చూసినదాంట్లో కొంత నిజముంది. ఎండాకాలంలో మొటిమలు కొందరికి నిజంగానే ముదురుతాయి. కాలవలూ చెరువులూ వరిచేలూ ఉన్న డెల్టాలో వేసవి ఉక్క కోస్తుంది. చెమటకి రోమకూపం గోడలు ఉబ్బి, ఇరుకు రంధ్రం ఇంకా ఇరుకవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆసియా ఉష్ణమండలానికి వచ్చిన పాశ్చాత్య సైనికుల వీపుల మీద తీవ్రమైన మొటిమలు లేస్తే, దానికి ఉష్ణమండల మొటిమ అనే పేరే పెట్టారు. కాబట్టి వేడి ఉంది; అది ఒంట్లో కాదు, వాతావరణంలో ఉంది. మామిడిపండు అదే నెలల్లో వస్తుంది కనక నింద దాని మీద పడింది. ఇంకో సంగతి. ఈ ఉక్కలో మొటిమలనుకునేవన్నీ మొటిమలు కావు. నుదురు, ఛాతీ, వీపు మీద అన్నీ ఒకే సైజులో, దురదతో లేచే పొక్కులు మలసీజియా అనే శిలీంధ్రం వల్ల వచ్చే రోమకూప శోథ కావచ్చు. దానికి మొటిమల యాంటీబయాటిక్ వేస్తే తగ్గకపోగా ఎక్కువవుతుంది. మొటిమకి నొప్పి ఉంటుంది, దురద సాధారణంగా ఉండదు. చెమటకాయలకి చిమచిమ ఉంటుంది, నల్లటి చుక్క ఉండదు.

తిండి సంగతి పూర్తిగా కొట్టిపారేయడం కూడా తప్పే. యాభై ఏళ్ల కిందటి వైద్యులు తిండికీ మొటిమకీ సంబంధమే లేదనేవారు. 1969 నాటి ఒక చాక్లెట్ ప్రయోగం ఆ మాటకి ఆధారం. అందులో పోలికకి ఇచ్చిన బిళ్లలో కూడా చక్కెర, కొవ్వు దండిగా ఉన్నాయి కనక ఆ ప్రయోగం పెద్దగా ఏమీ రుజువు చెయ్యలేదు. 2002లో లోరెన్ కార్డెయిన్ బృందం పాపువా న్యూగినీలోని కిటావా దీవిలో 1200 మందిని పరీక్షించి ఒక్క మొటిమా చూడలేదని రాసింది. వాళ్ల తిండి దుంపలు, పళ్లు, చేపలు, కొబ్బరి. వంశలక్షణం కారణం కావచ్చని దానికి ఆక్షేపణ వచ్చింది, అది సబబైనదే. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది కుర్రవాళ్ల మీద జరిగిన ప్రయోగం ఆ ఆక్షేపణకి కొంత జవాబిచ్చింది: రక్తంలో చక్కెరని గభాలున పెంచని తిండి పన్నెండు వారాలు తిన్నవాళ్లకి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. కారణం కూడా ఊహకందేదే. చక్కెర ఎగసినప్పుడల్లా ఇన్సులిన్, దానితోపాటు ఐజీఎఫ్-1 అనే హార్మోను పెరిగి, నూనె గ్రంథిని ఎగదోస్తాయి. ఇక్కడ కూడా లెక్క పన్నెండు వారాలది, ఒక పూట భోజనానిది కాదు.

అయితే మూడు పూటలా అన్నం తినే డెల్టా మనిషి అన్నం మానెయ్యాలా? అన్నమంతా ఒకటి కాదు. పెనుగొండకి చేరువలోనే మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఉంది, ఎం.టీ.యూ. 7029 అనే స్వర్ణ రకం అక్కడ పుట్టిందే. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 వరి రకాలని పరీక్షించినప్పుడు వాటి గ్లైసీమిక్ సూచిక, అంటే రక్తంలో చక్కెరని పెంచే తీరుకి కొలత, 48 నుంచి 92 దాకా కనిపించింది. స్వర్ణ తక్కువ సూచిక గల రకాల్లో చేరింది. మొటిమలకి మందుగా స్వర్ణ బియ్యం తినమని దీనర్థం కాదు. అన్నాన్ని నిందించేముందు కూల్‌డ్రింకు, బేకరీ బన్ను, చక్కెర ఎక్కువేసిన టీ వైపు చూడాలని మాత్రం అర్థం. పాల విషయంలో పరిశీలనలు కొంత అనుమానాన్ని చూపిస్తాయి, ముఖ్యంగా వెన్న తీసిన పాల మీద. అవన్నీ పాశ్చాత్య దేశాల ఆవుపాల లెక్కలు. ఇంటి గేదెపాలకి వాటిని యథాతథంగా అన్వయించడం తొందరపాటు. జిమ్ముకి వెళ్లే కుర్రాళ్లు తాగే వే ప్రోటీన్ పొడి సంగతి వేరు, దానితో మొటిమలు ముదిరిన ఉదాహరణలు వైద్య పత్రికల్లో చాలా వచ్చాయి.

మురికి వల్ల వస్తాయనే నమ్మకం మొహాన్ని రోజుకి ఆరుసార్లు సబ్బుతో తోమిస్తుంది. బిరడా పడింది చర్మం లోపల. పైన తోమితే చర్మపు రక్షణ పొర చిరుగుతుంది, మంట పెరుగుతుంది. రెండు పూటలా గాఢత తక్కువ ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు. గరుకు సున్నిపిండితో నలుగు పెట్టడం పసిపిల్లలకీ పండగలకీ సరే గాని, చీము పొక్కుల మీద గరుకు పిండి రుద్దితే అవి చితికి మచ్చలవుతాయి. నిమ్మరసం ఆమ్లం, రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కాలుతుంది. టూత్‌పేస్టు గురించి చెప్పడానికేమీ లేదు, అది పళ్ల కోసం చేసింది. పసుపు, వేప, చందనం ప్రకృతి సిద్ధమైనవి, హాని చెయ్యవు కదా అంటారు. ప్రకృతి సిద్ధమైనదంతా పనికిరానిదని ఎవరూ అనరు: 1990లో ఆస్ట్రేలియాలో అయిదు శాతం టీ ట్రీ నూనెని అయిదు శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చిచూస్తే రెండూ పనిచేశాయి, నూనె మాత్రం నెమ్మదిగా. ఏ ఆకైనా అలా పోల్చి నెగ్గాక మందవుతుంది. అందాకా దాని వల్ల జరిగే అసలు నష్టం, సరైన మందు మొదలుపెట్టాల్సిన నెలలు దాని మీద ఖర్చుకావడం. తలకి రాసే కొబ్బరినూనె, ఆముదం నుదుటి మీదకి జారి రోమకూపాల్ని మూసేస్తాయన్నది మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోని నిజం. జుట్టుకి రాసే జిడ్డు నుదుటి మీద మొటిమలు తెప్పిస్తుందని 1970లో క్లిగ్‌మన్ బృందం అమెరికా నల్లజాతి పురుషుల్లో గమనించి పోమేడ్ ఆక్నే అని పేరు పెట్టింది.

ఇక వైద్యం. చిన్నా మధ్యరకం మొటిమలకి రెండు పూతమందులు పునాది. ఒకటి బెంజాయిల్ పెరాక్సైడ్. సూక్ష్మజీవిని చంపుతుంది, దానికి నిరోధకత పుట్టడం జరగలేదు. రెండున్నర శాతం జెల్, పది శాతం జెల్ దాదాపు సమానంగా పనిచేస్తాయని 1986లోనే తేలింది. ఎక్కువ శాతం కొన్నంత మాత్రాన దక్కేది ఎక్కువ మంట. రంగు తువ్వాలు, తలగడ గలీబు వెలిసిపోతాయి కనక తెల్లవి వాడుకోవాలి. రెండోది అడపలీన్ లాంటి రెటినాయిడ్. ఇది బిరడా బిగుసుకోకుండా చూసే మందు, అంటే కనిపించే మొటిమకి కాదు, ఇంకా కనిపించనిదానికి. అందుకే దాన్ని పొక్కు మీద చుక్కలా పెట్టకూడదు. బఠాణీ గింజంత తీసుకొని మొహమంతా పలచగా రాత్రిపూట రాయాలి. మొదటి మూడు వారాల్లో చర్మం పొట్టు లేస్తుంది, ఎర్రబడుతుంది, మొటిమలు కొంచెం పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. చాలామంది మానేసేది సరిగ్గా అక్కడే. రోజు విడిచి రోజు రాయడం, ముందు మాయిశ్చరైజర్ పూసుకోవడం వల్ల ఆ గండం గడుస్తుంది. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, తీర్పు చెప్పడానికి పన్నెండు. రెటినాయిడ్లు గర్భిణులు వాడకూడదు.

వాపు ఎక్కువగా ఉన్న మొటిమలకి నోటి ద్వారా డాక్సీసైక్లిన్ ఇస్తారు. దీని వంశవృక్షం చూస్తే పెనుగొండ ఉన్న జిల్లాకే వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలకి పరిశోధన అధిపతిగా ఉన్నప్పుడు, అక్కడ పనిచేసిన వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్ మిస్సోరీ మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ని రాబట్టాడు. 1948లో ప్రకటించిన ఆ బంగారు రంగు మందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది; సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశాడు. తరవాత వచ్చిన డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ దాని సంతతే. ఇవి మొటిమల్లో పనిచేసే తీరు విచిత్రం: సూక్ష్మజీవిని చంపలేనంత తక్కువ మోతాదులో కూడా వాపుని తగ్గిస్తాయి. మాత్ర నిండు గ్లాసు నీళ్లతో వేసుకొని వెంటనే పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. ఎండకి చర్మం కమిలే గుణం ఉంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకీ గర్భిణులకీ ఇవ్వరు. మూడు నాలుగు నెలలకి మించి సాగదీయకూడదు, వెంట బెంజాయిల్ పెరాక్సైడ్ పూత ఉండాలి. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కదాన్నే నెలల తరబడి రాయడం మన షాపుల్లో మామూలైపోయింది; మందుకి లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

అసలు ప్రమాదం యాంటీబయాటిక్‌లో లేదు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టీరాయిడ్లు ఉన్న ట్యూబుల్లో ఉంది. "మొటిమలకి మంచి క్రీం ఇవ్వండి" అని మెడికల్ షాపులో అడిగినవాళ్లకీ, తెల్లబడటానికి ఏదైనా రాయమని ఆర్‌ఎంపీ డాక్టరుని అడిగినవాళ్లకీ ఇవి చేతిలో పడుతుంటాయి. 2011లో భారతదేశంలోని పన్నెండు కేంద్రాల చర్మవైద్యులు ప్రచురించిన అధ్యయనంలో మొహం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిలో 433 మంది స్టీరాయిడ్ పూతలు వాడుతున్నట్టు తేలింది. వాళ్లలో 104 మంది వాడింది మొటిమలకే. 126 మంది తెల్లబడటానికో, మామూలు క్రీముగానో, గడ్డం గీసుకున్నాకో. దాదాపు అరవై శాతం మందికి ఆ క్రీం చెప్పింది వైద్యులు కానివాళ్లు. పల్లెల్లో, చిన్న ఊళ్లలో వాడినవి మరీ తీవ్రమైన రకాలు. ఈ మొత్తంలో ఎక్కువమందిలో కనిపించిన దుష్ఫలితం ఏమిటో తెలుసా, మొటిమలే. ఏ జబ్బుకి రాశారో ఆ జబ్బునే పెంచింది.

స్టీరాయిడ్ వాపుని తగ్గిస్తుంది. మొటిమలో కంటికి కనిపించేది వాపే కనక, రెండు మూడు రోజుల్లో మొహం చదునవుతుంది, కాస్త తెల్లబడుతుంది కూడా. లోపల బిరడాలు మాత్రం పడుతూనే ఉంటాయి. కొన్ని వారాలకి ఒకే తీరు పొక్కులు గుంపుగా లేస్తాయి, చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్నటి రక్తనాళాలు తేలతాయి, ఆడపిల్లల బుగ్గల మీద నూగు వస్తుంది. మానేద్దామంటే మొహం భగ్గున మండి ఎర్రబడుతుంది, మళ్లీ రాస్తే చల్లారుతుంది. ఈ స్థితికి కోల్‌కతా వైద్యులు లాహిరి, కుండు 2008లో స్టీరాయిడ్‌తో చెడిన ముఖం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. చర్మవైద్యుల సంఘం పోరాటం తరవాత 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టీరాయిడ్ పూతలకి ఉన్న మినహాయింపు తీసేసి డాక్టరు చీటీ మీదే అమ్మాలని నియమం చేసింది. నియమం కాగితం మీద గట్టిగానే ఉంది.

దీనికో ఎదురు ప్రశ్న ఉంది: పెద్ద డాక్టర్లు కూడా మొటిమలోకి స్టీరాయిడ్ ఇంజెక్షన్ చేస్తారు కదా? చేస్తారు. లోతుగా, గోళీలా గట్టిపడిన ఒక్క మొటిమలోకి, బాగా పలచన చేసి, ఒక్క బొట్టు. మచ్చ పడకుండా ఆ ఒక్కదాన్ని అణచడం వాళ్ల ఉద్దేశం. మొహమంతా నెలల తరబడి పూయడానికీ దానికీ పోలిక లేదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు వినాల్సింది ఇంకొకటి. నెలల తరబడి రాసినదాన్ని ఒక్కసారిగా ఆపితే మంట భరించడం కష్టం. చర్మవైద్యుల దగ్గరికి ఆ ట్యూబు పట్టుకునే వెళ్లాలి, దాచకూడదు; ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు. చర్మం తేరుకోవడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది.

"పెళ్లయితే అవే పోతాయి" అన్న మాటలో కూడా రోజుల లెక్కే తారుమారైంది. ఇరవై దాటాక చాలామందికి మొటిమలు తగ్గుతాయి, పెళ్లి కూడా ఆ వయసులోనే అవుతుంది, అంతే సంబంధం. కొందరు ఆడవాళ్లకి పాతికేళ్ల తరవాతా గడ్డం, దవడ వెంట వస్తూనే ఉంటాయి, నెలసరికి వారం ముందు ముదురుతాయి. నెలసరి తప్పుతుండటం, గడ్డం మీద వెంట్రుకలు, మెడ వెనక నల్లటి మందమైన పట్టు వీటికి తోడైతే అండాశయ నీటితిత్తుల సమస్య, అంటే పీసీఓఎస్, ఉందేమో చూడాలి. అలాంటివాళ్లకి హార్మోను మాత్రలు, స్పిరోనోలాక్టోన్ పనిచేస్తాయి. బ్రిటన్‌లో 410 మంది ఆడవాళ్ల మీద జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో స్పిరోనోలాక్టోన్ పన్నెండో వారానికి కొంచెమే తేడా చూపింది, ఇరవై నాలుగో వారానికి స్పష్టంగా చూపింది. మూడు నెలలకే ఆపేసి ఉంటే ఆ మందు పనికిరాదని రాసుకునేవాళ్లు.

తీవ్రమైన, మచ్చలు మిగిల్చే మొటిమలకి ఐసోట్రెటినాయిన్‌ని మించిన మందు లేదు. 1979లో గేరీ పెక్ బృందం మరే మందుకీ లొంగని 14 మందికి ఇస్తే 13 మందికి పూర్తిగా తగ్గాయి. 1982లో అమెరికా అనుమతిచ్చింది. నూనె గ్రంథినే కుదించే మందు ఇది. ఒంటి బరువు కిలోకి మొత్తం 120 నుంచి 150 మిల్లీగ్రాములు అందేలా, సాధారణంగా ఆరు నెలల పాటు వాడతారు. పెదాలు ఎండి పగులుతాయి, కొవ్వులకీ కాలేయానికీ రక్తపరీక్షలు చేయించాలి, మనసు దిగులుగా ఉంటే డాక్టరుకి చెప్పాలి. వీటన్నిటినీ మించిన జాగ్రత్త ఒకటుంది: గర్భంలో ఉన్న బిడ్డకి ఈ మందు ఘోరమైన అవకరాలు తెస్తుంది. మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, ఆపిన నెల తరవాత దాకా గర్భం రాకూడదు. మన దగ్గర ఈ మాత్ర ఎక్కువగా మొదలయ్యేది సంబంధం కుదిరాకే. పెళ్లయ్యాక మొదటి నెలలోనే విశేషమా అని అడిగే ఊళ్లలో ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ఆ మాత్ర వాడుతున్న సంగతి కాబోయే భర్తకీ తెలియాలి. అత్తవారింట్లో దాచుకొని మింగే మందు కాదిది.

మొటిమ మానాక మిగిలేవి రెండు. ఒకటి నల్లమచ్చ, మన రంగు చర్మంలో దాదాపు తప్పదు, మొటిమ కన్నా ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. గిల్లకుండా ఉండటం, సన్‌స్క్రీన్, అడపలీన్, అజెలాయిక్ ఆమ్లం దాన్ని నెలల మీద తగ్గిస్తాయి. చాలావరకు అదే పోతుంది. రెండోది గుంట, అది పోదు. సూదిమొనంత లోతువి, పెట్టె గోడల్లా నిటారుగా దిగినవి, అలల్లా పరుచుకున్నవి అని గుంటల్లో రకాలున్నాయి. ఒక్కో రకానికి ఒక్కో పని: ఆమ్లపు చుక్క, సన్నసూదులతో గుచ్చడం, చర్మం కింద పట్టిన దారాలు తెంపడం, లేజర్. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఆసుపత్రి లాంటి చోట్ల చర్మవ్యాధుల విభాగాలున్నాయి, భీమవరం, రాజమహేంద్రవరం లాంటి పట్టణాల్లో చర్మవైద్యులున్నారు. ఏ చికిత్స అయినా నెల, నెలన్నర ఎడంతో నాలుగైదు విడతలు. చర్మం కొత్త కొల్లాజెన్ నేసుకోవడానికి ఆ గడువు కావాలి. లెక్క వేస్తే, మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నవాళ్లు పూతమందుల వైద్యం శ్రావణం దాటకుండా మొదలుపెట్టాలి. ఐసోట్రెటినాయిన్ అవసరమైతే మార్గశిరానికల్లా ముగిసేలా జ్యేష్ఠంలోనే. గుంటల చికిత్సకి అంతకు ముందటి ఏడాది.